గట్టెక్కిన సైకిలు: రాజమహేంద్రవరం చుట్టుపక్కల మట్టిదారులు

ఈ నెల సైకిల్ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి తీరం నుంచే. మట్టి, కంకర దారుల కోసం చేసిన లావు టైర్ల గ్రావెల్ సైకిళ్లు కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ అడిగింది దాదాపు ఒక్కటే: కార్లూ లారీలూ లేని దారి ఎక్కడుంది? ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నలభై మిల్లీమీటర్ల టైర్లున్న సైకిలు కొన్నాను. ఊళ్లో ట్రాఫిక్‌లో తొక్కాలంటే భయం. పొద్దున్నే వెళ్లి తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేసేలా, వాహనాలు లేని దారి ఏదైనా చెబుతారా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

ఉంది. కాకపోతే ఇక్కడ సైకిళ్ల కోసమని ఎవరూ దారి వేయలేదు. ఉన్నవన్నీ నీళ్ల కోసం వేసిన గట్లే. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ మూడు వైపులకు కాలువలు సాగాయి: ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు. పెద్ద కాలువకు రెండు గట్లుంటాయి. చాలాచోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు పడింది, బస్సులు దానిమీదే తిరుగుతాయి. రెండో గట్టు మట్టితోనో ఎర్ర గ్రావెల్‌తోనో మిగిలిపోయింది. మీకు కావలసింది ఆ రెండో గట్టు. ఇవి కాక నది వెంట వరదను ఆపే ఏటిగట్లున్నాయి. అవి ఎత్తుగా, వెడల్పుగా ఉంటాయి. ఊళ్ల దగ్గర తారు, ఊరు దాటాక గ్రావెల్, ఇది మామూలు వరస.

మొదటిసారికి లొల్ల లాకుల (కాలువ నీటిని అదుపుచేసే గేట్ల) దారి పట్టండి. రానూపోనూ 45 కిలోమీటర్లు. ఐదున్నరకల్లా ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర ఉండేలా బయల్దేరాలి. బ్యారేజి మీద వాహనాలు తప్పవు. ఆ నాలుగైదు కిలోమీటర్లూ వెనకలైటు వేసుకుని ఎడమ అంచున తొక్కండి, ఆరు దాటితే పాల బళ్లూ ఆటోలూ మొదలవుతాయి. ధవళేశ్వరం పాయ, పిచ్చుకలంక, ర్యాలి పాయ దాటి బొబ్బర్లంకలో దిగాక మధ్య డెల్టా ప్రధాన కాలువ కనిపిస్తుంది. ఆత్రేయపురం మీదుగా రావులపాలెం వెళ్లే రోడ్డును ఒక గట్టుకు వదిలేసి, మొదటి వంతెన మీద అవతలికి దాటండి. అక్కణ్నుంచి ఆత్రేయపురం పక్కనున్న లొల్ల దాకా పది పన్నెండు కిలోమీటర్లు కాలువ మీకు తోడుంటుంది. లొల్ల దగ్గరే కాలువ చీలి గన్నవరం వైపొకటి, అమలాపురం వైపొకటి పోతుంది.

ఇందులో చిక్కు ఒక్కటే, రెండో గట్టు ఏకబిగిన సాగదు. ఎక్కడో ఒక తూము పలక ఉండదు, ఎక్కడో గడ్డివాము అడ్డం వేసి ఉంటుంది, ఇంకోచోట పశువులపాక గట్టు మీదికే జరిగి ఉంటుంది. అందుకే వంతెనలన్నీ ముందే గుర్తు పెట్టుకోవాలి. దారి మూసుకుపోతే వెనక్కి ఎంతదూరం రావాలన్నది వాటినిబట్టే తేలుతుంది. గట్టు మీద లస్కరు (కాలువను చూసుకునే సిబ్బంది) కనబడితే ఆపి అడగండి. ముందు ఏ తూము దగ్గర గండి పూడ్చారో, ఎక్కడ పూడిక మట్టి పోశారో ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు.

తిరుగు ప్రయాణానికి మరో దారి కావాలంటే, లొల్ల నుంచి వాడపల్లి చేరి, గోదావరి పాయ గౌతమి కుడి ఏటిగట్టెక్కి బొబ్బర్లంక వైపు రావచ్చు. శనివారం మాత్రం వద్దు. వేంకటేశ్వరస్వామి గుడికి ఆ రోజు వచ్చే జనంతో ఆ పక్క దారులన్నీ కిక్కిరిసిపోతాయి.

ప్రశ్న: మ్యాపులో ధవళేశ్వరం నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా సామర్లకోట దాకా కాలువ పక్కనే దారి కనిపిస్తోంది. కాకినాడకు సైకిలు మీద వెళ్లడానికి ఇంతకంటే మంచి దారి ఉంటుందా? (కడియం)

కాలువ పక్కన అన్నమాట చూసి మోసపోకండి. అది కెనాల్ రోడ్డు, రాజమహేంద్రవరం, కాకినాడల మధ్య బస్సులూ లారీలూ పరుగెత్తే దారి. ఒకపక్క కాలువ, రెండోపక్క ఇళ్లు, తప్పుకోవడానికి చోటుండదు. తెల్లవారుజామున మంచు పట్టిన రోజుల్లో దాని జోలికి అసలే పోవద్దు. అవతలి గట్టు ముక్కలుముక్కలుగా బాగుంటుంది, కడియం నర్సరీల మధ్య పది కిలోమీటర్ల షికారుకు అది సరిపోతుంది. కాకినాడ దాకా మాత్రం దాన్ని నమ్ముకోలేరు.

దూరం తొక్కాలనుంటే గౌతమి ఎడమ ఏటిగట్టు పట్టుకోండి. ధవళేశ్వరం నుంచి జొన్నాడ, కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా యానాం దాకా నది వెంటే వెళుతుంది. వెళ్లడానికే దాదాపు 80 కిలోమీటర్లు. జొన్నాడ దగ్గర జాతీయ రహదారి వంతెన కింద, ఇసుక ర్యాంపుల (నది ఇసుకను లారీలకెత్తే చోట్ల) పరిసరాల్లో జాగ్రత్తగా ఉంటే చాలు, మిగతా దారి అంతా కొబ్బరిచెట్లూ లంక పొలాలూ. ఒక్కరోజులో పోయిరావడం అందరివల్లా కాదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, కోనసీమ. పంటు మీద సైకిలు ఎక్కించుకుంటారు. వరద వస్తే పంటు ఆపేస్తారు కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరేముందు రేవులో కనుక్కోండి.

ప్రశ్న: మాది కొవ్వూరు. ఆడవాళ్లం ఇద్దరం కలిసి తొక్కుతాం. పాతిక కిలోమీటర్లలోపు దారి చెప్పండి. కుక్కలంటే మాకు భయం.

మీకు రాజమహేంద్రవరం వాళ్లకంటే దగ్గర. కొవ్వూరు నుంచి దిగువకు గోదావరి గట్టు పక్కగా విజ్జేశ్వరం వెళ్లి, బ్యారేజి అంచున కాసేపు ఆగి, అదే దారిన వెనక్కి వస్తే సరిపోతుంది. ఇంకాస్త తొక్కాలనిపిస్తే విజ్జేశ్వరం దిగువన పశ్చిమ డెల్టా కాలువ గట్టు, గోదావరి మరో పాయ వశిష్ట కుడి ఏటిగట్టు రెండూ ఉన్నాయి. ఎగువకు కుమారదేవం వైపు పోతే ఇసుక లారీలు తగులుతాయి, అటు ఆదివారం పొద్దున మాత్రమే. ఎన్నో సినిమాల్లో కనిపించిన ‘సినిమా చెట్టు’ కోసం వెళ్లాలనుకుంటే, అది 2024లో కూలింది.

గోదావరి దాటి రాజమహేంద్రవరం వెళ్లాలనుకున్నప్పుడు 1974 నాటి రైల్ కమ్ రోడ్ వంతెన కంటే బ్యారేజే నయం. వంతెన మీద రోడ్డు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, ఇరుకు, వెనకనుంచి బండి వస్తే పక్కకు జరిగే వీలులేదు.

కుక్కల సంగతి. గట్టు మీది కుక్కలు పాకల్నీ పశువుల్నీ కాసేవి. వేగంగా పోయేదాన్నే తరుముతాయి. పాక కనబడగానే తొక్కడం ఆపి నడకవేగానికి రండి. మీదికి వస్తే దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య పెట్టి నడవండి. పది పదిహేను అడుగులు దాటగానే చాలావరకు వదిలేస్తాయి. కాళ్లు పైకెత్తి జోరుగా పోదామనుకునేవాళ్లే పడతారు, గట్టు అంచు మూడు నాలుగు అడుగుల దూరంలోనే ఉంటుంది మరి. కరిస్తే కుళాయి నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి. గాటు చిన్నదని ఊరుకోవద్దు.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత ఉండాలి? షాపులో 60 కొట్టి పంపారు. గట్టు మీద చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. (రాజానగరం)

60 అంటే తారు రోడ్డు లెక్క. గ్రావెల్ మీద అంత గాలి ఉంటే టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు పోతుంది, ఆ దెబ్బలన్నీ మణికట్లకు వస్తాయి. 70 కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 40 మి.మీ. టైర్లకు ముందు 36, వెనక 40 పీఎస్‌ఐతో (గేజు మీద గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఐదారు తగ్గించవచ్చు. బరువు ప్రతి ఐదు కిలోలకూ రెండేసి పీఎస్‌ఐ కలపడమో తీసేయడమో చేస్తే సరిపోతుంది. 35 మి.మీ. టైర్ల హైబ్రిడ్‌కు (తారుకూ మట్టికీ మధ్యరకం సైకిలు) ఇంకో ఐదు ఎక్కువ ఉండాలి. 2.1 అంగుళాల ఎంటీబీ (కొండదారుల సైకిలు) టైర్లకు ట్యూబుతో 28 నుంచి 32 చాలు.

బొటనవేలితో నొక్కి చూడడం మానేయండి. గోడ మందంగా ఉన్న టైరు 25 పీఎస్‌ఐ దగ్గరే గట్టిగా తగులుతుంది. గేజు ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. మరీ తగ్గించినా తంటాయే. తూము పలక అంచుకో రాయికో చక్రం బలంగా తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. దాన్నే స్నేక్ బైట్ అంటారు. అలాంటి జంట చిల్లులు కనబడితే ముల్లు కోసం వెతక్కండి, గాలి నాలుగు పీఎస్‌ఐ పెంచండి.

ఎండాకాలం ఒక మాట గుర్తుంచుకోవాలి. తెల్లవారి 25 డిగ్రీల దగ్గర 40 కొట్టిన టైరు, లోపలి గాలి 45 డిగ్రీలకు వేడెక్కేసరికి 43, 44కు చేరుతుంది. ఇది మామూలే, ప్రమాదమేమీ లేదు. కానీ ఎండలో నిలబెట్టిన సైకిలుకు గేజు పెట్టి ఎక్కువుందని గాలి వదిలేస్తే మర్నాడు పొద్దున తక్కువై ఉంటుంది.

పొడి ఇసుక మేట తగిలితే గాలి కంటే కూర్చునే తీరు ముఖ్యం. ముందే తేలిక గేరులోకి మార్చి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ బిగపట్టకుండా తిన్నగా తొక్కాలి. మలుపు తిప్పారో ముందుచక్రం దిగబడుతుంది. ఇరవై అడుగులు దాటిన మేటను తొక్కుదామని పంతం పట్టడం దండగ, దిగి నడవండి.

ప్రశ్న: నాలుగుసార్లు వెళితే మూడుసార్లు పంక్చరు. టైరు మార్చాలా? ట్యూబ్‌లెస్ చేయించాలా? (ధవళేశ్వరం)

ముందు ఏది గుచ్చుకుంటోందో చూడండి, ఇక్కడ శత్రువులు మూడు రకాలు. పల్లేరు కాయలు ఎండి ఏటిగట్టు ఇసుకనేల మీద జనవరి నుంచి జూన్ దాకా పరుచుకుని ఉంటాయి. ముల్లు పొట్టిదే, కానీ ఒక్క అడుగులో పది గుచ్చుకుంటాయి. తుమ్మ, సర్కారు తుమ్మ ముళ్లు పొడుగు. ఇవి ట్యూబు ఒక గోడలో దిగి రెండో గోడలోంచి బయటికొస్తాయి. ఒక చిల్లుకు అతుకు వేసి, రెండోది చూడక, మళ్లీ గాలి పోయిందని విసుక్కునేది ఈ కేసులోనే. కంప నరికిన వారం రోజులు ఆ గట్టు జోలికి పోవద్దు. మూడోది సీసా పెంకులు. లాకుల దగ్గరా, వంతెన గోడల దగ్గరా, సాయంత్రాలు జనం కూర్చునే ప్రతిచోటా ఉంటాయి. పెంకు టైరునే కోసేస్తుంది.

పల్లేరుకు ట్యూబ్‌లెస్‌ను మించిన మందు లేదు. 700×40 టైరుకు మొదటిసారి 80 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లును లోపలినుంచి మూసే ద్రవం) పోయించండి. సీసా మీద ఆరు నెలలని రాసి ఉన్నా, మన ఎండలకు రెండు నెలల్లో పెచ్చుకడుతుంది. అందుకని మార్చి నుంచి జూన్ దాకా ఆరు వారాలకోసారి వాల్వు కోర్ విప్పి 40 మి.లీ. కలపాలి. టైరును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. వినిపించలేదంటే ఎండిపోయినట్టే. ట్యూబ్‌లెస్ చేయించాక కూడా ఒక ట్యూబు దగ్గరుంచుకోండి. పెంకు చేసిన పెద్ద గాటును సీలెంటు మూయలేదు.

ట్యూబుతోనే తొక్కేవాళ్లకు గట్టు మీద అతుకు పడాలంటే వరస ఇది. టైరు విప్పేముందు, దానిమీది కంపెనీ పేరు వాల్వుకు ఎదురుగా ఉందో లేదో చూసుకోండి (బిగించేటప్పుడే అలా పెట్టుకోవాలి). ట్యూబులో చిల్లు దొరికాక, వాల్వు నుంచి అదే దూరంలో టైరులో వెతికితే ముల్లు చిక్కుతుంది. తర్వాత టైరు లోపలంతా గుడ్డ ముక్కతో తుడవండి, వేలితో వద్దు. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లుంది. ట్యూబును గరుకు కాగితంతో అతుకు సైజుకు కాస్త ఎక్కువగా గీకి, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. అతుకులు ఊడిపోవడానికి అసలు కారణం ఇక్కడ తొందరపడి తడిమీదే అంటించడం. విప్పిన సొల్యూషన్ ట్యూబు నాలుగైదు నెలల్లో గట్టిపడిపోతుంది, ఏడాదిగా సంచిలో ఉన్నదాన్ని నమ్ముకుని లంకల్లోకి వెళ్లకండి. టైరు కోసుకుపోతే లోపలివైపు పాత టైరు ముక్క పెట్టి ట్యూబు ఎక్కించండి. ఏమీ లేకపోతే నాలుగు మడతలేసిన కరెన్సీ నోటైనా ఇంటిదాకా ఆగుతుంది.

ఇంకొకటి. పల్లెల్లో పంక్చర్ షాపులకు లోటులేదు. కానీ మీ సన్నని ప్రెస్టా వాల్వుకు అక్కడి పంపు పట్టదు. ఇరవై ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వు మీదే బిగించి ఉంచుకుంటే స్కూటర్‌కు కొట్టే గాలే దీనికీ కొట్టించుకోవచ్చు. కంప్రెసర్ అయితే కొద్దికొద్దిగా వదలమనండి.

ప్రశ్న: వాన పడ్డ మర్నాడు వెళితే చక్రాలు తిరగడం మానేశాయి, గేర్ల దగ్గర ఏదో విరిగింది. కారణమేమిటి? (ఆలమూరు)

నల్లమట్టి. డెల్టా బంకమట్టి తడిసిందంటే టైరుకు పొరలుపొరలుగా చుట్టుకుంటుంది. దానికి గడ్డిపోచలు తోడైతే ఫోర్కు కింద, వెనక చట్రం దగ్గర బిగుసుకుంటుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే చైనుతోపాటు మట్టి వెనక డిరేలర్‌లోకి (చైనును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) పోతుంది, డిరేలర్ వెనక్కి మెలిపడి దాన్ని పట్టుకునే హ్యాంగర్ విరుగుతుంది. మీకు జరిగింది అదే. ఒక విధంగా మంచిదే, ఫ్రేము పగలకుండా ముందు తాను విరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. మోడల్‌కో హ్యాంగర్ ఉంటుంది కాబట్టి మీ సైకిలుకు సరిపోయేది ఒకటి కొని జీను కింది సంచిలో పెట్టుకోండి.

తొక్కుడు బరువెక్కిన మరుక్షణం దిగాలి. సైకిలును నెట్టినా మట్టి చుట్టుకుంటుంది, భుజానికెత్తుకుని గడ్డి ఉన్న అంచుకు రండి. వెదురు పుల్లతో మట్టి పొడిచి తీయండి. కడుగుదామని కాలువ వాలు దిగకండి, తడిసిన వాలు మీద సైకిలు బూట్లు నిలవవు. టైరుకు రెండుపక్కలా ఫ్రేముతో కనీసం ఆరు మి.మీ. ఖాళీ ఉండాలి. ఈ ఖాళీ కోసమే 45 టైరు పట్టే ఫ్రేములో 40 వేసుకోమంటాం.

ఎర్ర గ్రావెల్ పరిచిన గట్టు గట్టి వాన తర్వాత అయిదారు గంటల్లో ఆరుతుంది. నల్లమట్టి గట్టుకు రెండు పూర్తి ఎండలు కావాలి. బయట పొడిగా కనిపించినా చెట్ల నీడన పచ్చిగానే ఉంటుంది.

ప్రశ్న: ఏ నెలల్లో ఏ దారి? ఒక్కచోట చెప్పండి. (అమలాపురం, రావులపాలెం, కాకినాడ పాఠకులు)

మ్యాపు కంటే క్యాలెండరే ఎక్కువ పని చేసే ప్రాంతం ఇది. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య అన్నీ బాగుంటాయి, అయితే మంచు. ఏడున్నర దాకా ముందు ఇరవై గజాలు కనబడని రోజులుంటాయి, అప్పుడు నది ఒడ్డుకంటే కాలువ గట్టు మేలు. ఏటిగట్టు నుంచి కిందికి పోయే వాలుదారులు (వీటినీ ర్యాంపులే అంటారు) చటుక్కున దిగుతాయి. మార్చిలో పొద్దున తొమ్మిదికల్లా ముగించాలి. గంటకు ముప్పావు లీటరు నీళ్ల లెక్క, అంటే రెండు గంటలకు రెండు సీసాలు.

ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, జూన్ మొదటివారంలో మళ్లీ వదులుతారు. ఈ నడిమికాలంలో లాకుల మరమ్మతులు, పూడికతీత. తీసిన మట్టి మీ రెండో గట్టు మీదే కుప్ప పోస్తారు. అప్పుడు ఏటిగట్లకు మారండి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది, కాబట్టి దిగువకు పొద్దున వెళ్లి, సాయంత్రం ఎగువకు తిరిగొస్తే పైరగాలి వీపున తడుతుంది. లెక్క తిరగబడితే చదునునేల మీద కూడా కొండ ఎక్కుతున్నట్టే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక పడ్డ రోజు నుంచి, అది ఎత్తేశాక ఇంకో వారం దాకా, ఏటిగట్టు మీదికి సైకిలు తీసుకెళ్లకండి. గట్టు నాని మెత్తబడి ఉంటుంది, ఇసుక బస్తాల లారీలూ గస్తీ సిబ్బందీ తిరుగుతుంటారు, మనం అడ్డం.

నవంబరు, డిసెంబరుల్లో ఖరీఫ్ కోతలు, ఏప్రిల్, మేలలో దాళ్వా (రెండో పంట) కోతలు. తారు పడిన గట్లన్నీ ధాన్యం ఆరబోసే కళ్లాలవుతాయి. అంచున రాళ్లు పేర్చి, మీద బరకాలు కప్పి ఉంటాయి. రాత్రి ఆ రాళ్లకు తగిలి పడేవాళ్లు చాలామంది. ధాన్యం మీంచి తొక్కుకుంటూ పోవడం రైతును అవమానించడమే, దిగి పక్కనుంచి నడవండి.

ప్రశ్న: ఇంటినుంచే గట్టు ఎలా ఉందో తెలుసుకునే మార్గం ఉందా? (హైదరాబాద్ నుంచి, సెలవులకు కోనసీమ వచ్చే పాఠకుడు)

ఉపగ్రహ చిత్రం దగ్గరగా పెట్టి చూడండి. సన్నగా నల్లగా, అంచులు తిన్నగా ఉంటే తారు. ఎర్రగానో లేత గోధుమ రంగులోనో ఉంటే గ్రావెల్. రెండు గీతలు, మధ్యలో పచ్చదనం ఉంటే ట్రాక్టరు జాడ, సైకిలుకు శ్రేష్ఠం. ఒక్కటే సన్న గీత ఉంటే కాలిబాట, దానిమీద రేగు కంప ముఖానికి తగులుతుంది. గట్టు నుంచి నదిలోకి విసనకర్రలా తెల్లటి జాడలు విచ్చుకుని ఉంటే అది ఇసుక ర్యాంపు. దానికి రెండువైపులా ఊరి రోడ్డు కలిసేదాకా లారీలుంటాయి. చిత్రం ఏ నెలలో తీసిందో కూడా చూసుకోండి. మేలో తీసినదాన్ని నమ్మి ఆగస్టులో వెళితే లంక దారి నీళ్లలో ఉంటుంది.

ప్రశ్న: గట్టు మీద తొక్కి వచ్చాక చైను కరకరమంటుంది. కిరోసిన్‌తో కడిగి ఇంజనాయిల్ పోస్తున్నాను. (నిడదవోలు)

ఇంజనాయిలే కారణం. చిక్కటి నూనెకు ఎర్రదుమ్ము అంటుకుని రుబ్బుడుపిండిలా తయారై, చైను పిన్నులనూ పళ్లనూ అరగదీస్తుంది. పొడి వాతావరణానికి వ్యాక్స్ రకం లూబ్ వాడండి. చైను తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కొక్క చుక్క వేసి, ఇరవై చుట్లు వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున పైన మిగిలింది తుడిచేయాలి. నూనె లోపల పనిచేస్తుంది, బయట ఉన్నదంతా దుమ్ముకు ఎర. కిరోసిన్ తుంపరలు డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు, అరుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కు తుడవండి, ప్యాడు నూనె పీల్చేసి ఉంటే మార్చడమే.

చైను అరుగుదలకు ఉక్కు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే కొత్త చైనులో 12 అంగుళాల దగ్గర సరిగ్గా మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటి కనిపిస్తే అర శాతం సాగినట్టు. 11, 12 స్పీడు చైన్లను అక్కడే మార్చాలి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) కూడా కొనాల్సివస్తుంది.

ప్రశ్న: నాన్నగారి పాత 28 అంగుళాల హెర్క్యులిస్ ఉంది. దానితో వెళ్లొచ్చా, లక్ష పెట్టి గ్రావెల్ సైకిలు కొనాల్సిందేనా? (పెరవలి)

వెళ్లొచ్చు. ఆ గట్ల మీద దశాబ్దాలుగా తిరుగుతున్నది అదే. 28×1½ టైరు వెడల్పు దాదాపు 40 మి.మీ., అంటే ఖరీదైన గ్రావెల్ టైరంతే. కొత్త బ్రేకు రబ్బర్లు, బిగించిన హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు), గ్రీజు పెట్టిన హబ్బులు, కొత్త వాల్వు ట్యూబు ఉంటే 30 కిలోమీటర్ల లోపు దారులకు ఢోకా లేదు. లోపమల్లా రాడ్ బ్రేకులు, తడిసిన స్టీలు రిమ్ము మీద దాదాపు పనిచేయవు. ర్యాంపులు నడిచి దిగండి. మడ్‌గార్డులు తడి నల్లమట్టిలో ముందుగా బిగుసుకునేవి, వానాకాలం ఆ సైకిలును తారుమీదే ఉంచండి.

ప్రశ్న: విజయవాడలో ఇలాంటి దారులున్నాయా?

ఊళ్లోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లు ఇళ్లతో నిండిపోయాయి, ఊరు దాటాకే వాటిని నమ్ముకోవాలి. కృష్ణ ఎడమ ఒడ్డున అవనిగడ్డ కరకట్ట రోడ్డు మీద బళ్లెక్కువ. పట్టిసీమ నీళ్లు కృష్ణకు తెచ్చే పోలవరం కుడి కాలువ 170 కిలోమీటర్ల పైచిలుకు, దాని తనిఖీ దారి పెద్దభాగం గ్రావెలే. దీన్ని గురించి ఒక హెచ్చరిక చేయాలి. డెల్టా కాలువ మట్టి గట్టు, పడితే ఏ వేరో పట్టుకుని ఎక్కొచ్చు. ఇక్కడ కాంక్రీటు పలకల వాలు ఉన్నచోట పాచి పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా ఎక్కలేరు. అంచుకు కనీసం రెండు మీటర్ల ఎడంగా తొక్కాలి, నీళ్ల సీసా నింపుకోవడానికి దిగకూడదు, చీకటి పడ్డాక అసలు ఉండకూడదు.

ప్రశ్న: గట్టు మీద గేటు, తాళం. పక్కన మనిషి పట్టే సందు. సైకిలు ఎత్తి దాటొచ్చా? (ర్యాలి)

గేటు కార్లూ ట్రాక్టర్లూ ఎక్కకుండా పెట్టిందైతే, ఊరివాళ్లు అదే సందులోంచి సైకిళ్లు తోసుకెళుతుంటే, మీరూ వెళ్లవచ్చు. ప్రవేశం లేదని జలవనరుల శాఖ బోర్డు ఉన్నా, హెడ్ రెగ్యులేటర్‌కో (కాలువ మొదట్లో నీళ్లు వదిలే గేట్లు) పంపుహౌసుకో పోయే దారైనా వెనక్కి తిరగండి. గేట్లు ఎత్తే యంత్రాల దగ్గర ఫొటోలు తీస్తూ నిలబడితే సిబ్బంది ప్రశ్నలు వేయడం సహజం. అనుమానంగా ఉంటే దగ్గర్లోని లాకుల ఆఫీసులో అడిగి వెళ్లండి.